చిట్టీ, నీల్ దీవిలో నాలుగు రాత్రులు కదలకుండా ఉండండి

చిట్టీ,

నువ్వు పంపిన రెండు ప్యాకేజీలూ చూశాను. ఒకటి ఆ పెద్ద బీచ్ రిసార్ట్, డిసెంబర్ 28 నుంచి జనవరి 2 దాకా, డీజేతో, గాలా డిన్నర్‌తో. రెండోది అండమాన్, ఐదు రాత్రుల్లో పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్, నీల్, బారాటాంగ్ అన్నీ చుట్టించేది. "ఏది బావుంటుంది పెద్దమ్మా?" అని అడిగావు. నన్నడిగితే రెండూ వద్దు. అండమానే వెళ్లండి, కానీ టికెట్లూ గదీ మీరే బుక్ చేసుకుని, నీల్ దీవిలో నాలుగు రాత్రులు ఉండండి. కాస్త పొడుగు ఉత్తరమే, పాప పడుకున్నాక తీరిగ్గా చదువు.

ముందు ఆ రిసార్ట్ సంగతి. నేనూ మీ పెదనాన్నా ఒకసారి సరిగ్గా అలాంటి చోటికే, అదే ఏడాది చివరి వారంలో వెళ్లాం. పొద్దున టిఫిన్‌కి క్యూ, లిఫ్ట్‌కి క్యూ, రాత్రి రెండింటిదాకా ఈతకొలను పక్కన స్పీకర్లు. సముద్రం వంద అడుగుల దూరంలోనే ఉంది, కానీ మధ్యలో వరసగా కుర్చీలు, గొడుగులు, బైకుల్లా నీళ్ల మీద రయ్యిమని తిరిగే బోట్లు, వాటి పెట్రోలు వాసన. మూడు రోజుల్లో ఒక్కసారి కూడా అల చప్పుడు సరిగ్గా వినపడలేదు. మీ పెదనాన్న గదిలో ఏసీ వేసుకుని పేపర్ చదువుకున్నారు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి మనం జనం కోసమే వెళ్తాం, అక్కడ ఆ రద్దీ ముచ్చటగానే ఉంటుంది. సముద్రం దగ్గరికి వెళ్లేది అందుకు కాదు కదా. రోజూ గచ్చిబౌలిలో రెండు గంటలు ఇరుక్కుంటున్నాం, నాలుగు రోజులు హారన్ వినకుండా ఉంటే చాలు అని మొన్న నువ్వే అన్నావు. ఆ మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నాను.

ఇక రెండో ప్యాకేజీ. దీవులు మంచివే, ఆ పరుగే మంచిది కాదు. ఐదు రోజుల్లో నాలుగు చోట్లంటే రోజూ సూట్‌కేసు సర్దడం, జెట్టీలో ఎదురుచూడటం, దిగగానే ఆటో ఎక్కడం, ఇంతే. బారాటాంగ్ రోజైతే తెల్లారకముందే లేపి కాన్వాయ్‌లో కూర్చోబెడతారు, ఐదేళ్ల పిల్లకి అది శిక్ష. పైగా ఆ దారి జారవా ఆదివాసుల అడవిలోంచి పోతుంది. అక్కడ బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు, అది చట్టం. బారాటాంగ్‌లోని సున్నపురాయి గుహలు అందంగానే ఉంటాయట, నేను వెళ్లలేదు, వెళ్లను కూడా. బయటి మనుషుల వల్ల జబ్బులూ ఇబ్బందులూ పడ్డవాళ్ల ఇంటి మధ్యలోంచి బస్సు అద్దాల్లో తొంగిచూస్తూ పోవడం నాకు మనస్కరించలేదు. మీరూ మానేస్తే సంతోషిస్తాను.

పేర్ల దగ్గర కంగారు పడకు. 2018లో నీల్‌ని షహీద్ ద్వీప్ అన్నారు, హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అన్నారు, 2024లో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం చేశారు. టికెట్ల మీద పాతదో కొత్తదో ఏదైనా కనపడొచ్చు.

నీల్ ఎందుకంటే, చిన్నది. సైకిల్ మీద ఒక పూటలో చుట్టేయొచ్చు. ఊరు మధ్యలో కూరగాయల తోటలు, అరటి, కొబ్బరి, చుట్టూ సముద్రం. తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడివాళ్లు, వాళ్ల ఊళ్ల పేర్లు వింటే మీ అత్తగారు మురిసిపోతారు: సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, రామ్‌నగర్. సూర్యోదయానికి సీతాపూర్, అస్తమయానికి లక్ష్మణ్‌పూర్, పాపని నీళ్లలో ఆడించడానికి భరత్‌పూర్.

అక్కడా జనం ఉంటారు, ముందే చెప్తున్నాను. పొద్దున బోట్లలో దిగి, సహజంగా ఏర్పడ్డ రాతి వంతెన దగ్గరా భరత్‌పూర్‌లోనూ ఫొటోలు తీసుకుని, సాయంత్రానికి వెళ్లిపోతారు. రాత్రి ఉండేవాళ్లకే అసలు దీవి దొరుకుతుంది. పదింటిలోపు, మూడు దాటాక బయట తిరగండి, మధ్యాహ్నం భోంచేసి పడుకోండి. ఇంకో సంగతి, గడియారం మనదే కానీ అవి బాగా తూర్పున ఉన్నాయి కాబట్టి మనకంటే దాదాపు గంట ముందే తెల్లారుతుంది, గంట ముందే చీకటి పడుతుంది. ఎనిమిదింటికి లేస్తే సగం రోజు పోయినట్టే.

ఏ ప్యాకేజీ వాళ్లూ చెప్పని మాట ఒకటుంది. గది బుక్ చేసేముందు పంచాంగం చూడు. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు బాగా ఎక్కుతుంది, ఆటులో నీళ్లు బాగా వెనక్కి పోతాయి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు కూడా అంతే. లక్ష్మణ్‌పూర్ వైపున్న రాతి వంతెన దగ్గరికి నడవాలన్నా, రాళ్ల గుంటల్లో మిగిలిపోయిన ప్రాణులని చూడాలన్నా ఆటు సమయంలోనే కుదురుతుంది. ఆ సమయం రోజుకి దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది, ఫోన్లో 'పోర్ట్ బ్లెయిర్ టైడ్' అని వెతికితే ఆ రోజుది వస్తుంది. నేనైతే అమావాస్యే ఎంచుకుంటాను. వెన్నెల ఉండదు కాబట్టి చుక్కలు గుత్తులుగుత్తులుగా కనపడతాయి, అదృష్టం బావుంటే ఒడ్డున నీళ్లు కదిలినప్పుడు నీలంగా మెరుస్తాయి, కంటికి ఆనని జీవులు చేసే వెలుగది. అమావాస్య నాడు ప్రయాణమేమిటని మీ అత్తగారు అంటారు, అనకుండా ఉండరు. రెండు రోజుల ముందే బయల్దేరండి, అప్పటికి అక్కడ స్థిరపడి ఉంటారు.

ఇంటర్ పిల్లలకి ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను చిట్టీ. ఏటా పగడాలని బోర్డు మీద చాక్‌పీసుతో గీసేదాన్ని. ప్రాణంతో ఉన్న పగడాన్ని మొదటిసారి చూసింది రిటైరయ్యాక, భరత్‌పూర్‌లో, నడుము లోతు నీళ్లలో. అద్దం పెట్టుకుని తల ముంచగానే గోధుమరంగులో ఒక దిబ్బ, దాని కొమ్మల్లో గోరంత చేపలు, మీ పెదనాన్న చెయ్యి పట్టుకుని లాగేదాకా నేను లేవలేదు. నువ్వూ చూడాలి, పాపకీ చూపించాలి. అది రాయి కాదని, వేల చిన్న ప్రాణుల ఊరని, వాటి ఒంట్లోని సన్నటి శైవలాలే, అంటే నాచులాంటివే, వాటికి చాలామటుకు తిండి పెడతాయని, నీళ్లు మరీ వేడెక్కితే ఆ శైవలాలు బయటికి పోయి ఊరంతా తెల్లబడిపోతుందని చెప్పు. 2010లో, మళ్లీ 2016లో అక్కడ అలా జరిగింది. అందుకే దాని మీద కాలు పెట్టొద్దు, ముట్టుకోవద్దు. సన్‌స్క్రీన్ ఒళ్లంతా పులుముకునే బదులు పొడుగు చేతుల ఈత బట్టలు వేసుకోండి, ఆ క్రీముల్లో కొన్ని పగడాలకి హాని చేస్తాయి. గవ్వలూ పగడం ముక్కలూ ఏరి సంచీలో వేసుకోవద్దు, ఎయిర్‌పోర్ట్‌లో తీయించేస్తారు, కేసు కూడా కావచ్చు. అన్నిటికంటే ముందు, ఆ ఖాళీ గవ్వల్లో పీతలు కాపురం ఉంటాయి. పాపని ఒడ్డున పది నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టు, గవ్వలు నడుస్తాయి. మావాడి కొడుకు అది చూశాక టాబ్ అడగలేదు.

జాగ్రత్తలు: అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. మడ అడవుల పక్కన, వాగు కలిసే చోట, చీకటి పడ్డాక నీళ్లలో దిగొద్దు, బోర్డు ఉంటే దాని మాట వినండి, ఊళ్లోవాళ్లని అడిగాకే దిగండి. ఇసుకలో కంటికి కనపడని ఈగలు కుడతాయి, కాళ్లకి కొబ్బరినూనె రాసుకుని, చాప పరిచి కూర్చోండి, గోకొద్దు. నీళ్లలో నడవడానికి రబ్బరు బూట్లు. చిన్న దీవిలో పెద్ద ఆసుపత్రి ఉండదు కాబట్టి మీ అత్తగారి బీపీ మాత్రలు రెట్టింపు పట్టుకెళ్లు. నగదు కూడా, నెట్‌వర్క్ పోతే ఫోన్‌పే పనిచెయ్యదు.

శంషాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి విమానం, అక్కడి నుంచి నీల్‌కి ప్రభుత్వ బోటులో రెండు గంటల దాకా, ప్రైవేటు బోటైతే కాస్త త్వరగా. వాంతుల మాత్ర అరగంట ముందే వేసుకోండి. తిరుగు విమానానికి ముందు రాత్రి మాత్రం తప్పకుండా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలి, సముద్రం బాగాలేకపోతే బోట్లు ఆపేస్తారు, అదే రోజు విమానం పెట్టుకున్నవాళ్ల టెన్షన్ నేను జెట్టీలో కళ్లారా చూశాను. ఆ సాయంత్రం పాపకి సెల్యులార్ జైలు చూపించండి. ఊళ్లో మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డవాళ్లు చాలామంది, ఆటో ఎక్కితే తెలుగు వినపడినా ఆశ్చర్యపోకు.

తేదీలు కూడా మార్చు. ఏడాది చివరి వారంలో అక్కడా గదులు దొరకవు, దొరికినా ధరలు మండిపోతాయి. ఫిబ్రవరిలో సముద్రం నెమ్మదిగా ఉంటుంది, పాప ఇంకా యూకేజీయే, వారం బడి మానేస్తే ఏమీ కాదు. అల్లుడికి డైవింగ్ సరదా ఉంటే హావ్‌లాక్ వెళ్లాలంటాడు, వెళ్లనీ, ఒక రోజు పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తాడు. ఇది నచ్చితే వచ్చేసారి లాంగ్ ఐలాండ్ వెళ్లొచ్చు, అక్కడ లాలాజీ బే అనే తీరానికి అడవిలోంచి నడిచి వెళ్లాలి, కానీ పాప ఇంకాస్త పెద్దదవ్వాలి.

సెలవు ఎప్పుడు దొరుకుతుందో అల్లుడిని అడిగి ఆదివారం లోపు ఫోన్ చెయ్యి, కొత్త పంచాంగం నా దగ్గరే ఉంది, అమావాస్య చూసి చెప్తాను. గోంగూర పచ్చడి సీసా కట్టి ఉంచుతాను, బయల్దేరేముందు వచ్చి పట్టుకెళ్లు.

పెద్దమ్మ