ముందు చెప్పుల స్టాండు దగ్గర నిలబడి వినమనండి

అడిగిన ప్రశ్న: మా హైస్కూలు పిల్లలతో ఊళ్లోని పాత గుడి దగ్గర పర్యాటకుల కోసం వేర్వేరు భాషల్లో బోర్డులు రాయించాలనుకుంటున్నాం. ఏ భాషలు పెట్టాలి? ఫోన్లో అనువాదం చేసి రాసేస్తే సరిపోతుందా?

సరిపోదు. నేను హిందూపురం వైపు సోషల్ టీచర్ని. లేపాక్షి కోసం మా తొమ్మిదో తరగతి పిల్లలతో ఇదే పని చేయించాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. ఏ భాషలనేది స్టాఫ్‌రూంలో తేల్చకండి. ఆదివారం పూట పిల్లల్ని చెప్పుల స్టాండు దగ్గర నిలబెట్టి, ఎవరు ఏ భాషలో ఏం అడుగుతున్నారో రాసుకోమనండి.

మాకు బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లే. సెలవు రోజుల్లో పార్కింగ్ నిండా కర్ణాటక బండ్లే. అందుకని మేం తెలుగు తర్వాత కన్నడం పెట్టాం, ఇంగ్లీషు, హిందీ ఆ తర్వాతే. చాలాచోట్ల ఇంగ్లీషు, హిందీ రాసేసి పని అయిపోయిందనుకుంటారు. గంట ప్రయాణంలో ఉన్న పక్క రాష్ట్రం వాళ్లు మాత్రం ఎవరికీ గుర్తుకు రారు. శ్రీకాళహస్తిలో తమిళం, అరకులో ఒడియా, బెంగాలీ లేకపోతే ఎలా చెప్పండి?

లేపాక్షికి వచ్చినవాళ్లు నేరుగా వేలాడే స్తంభం దగ్గరికి పోతారు. కింద కండువానో చున్నీనో దూర్చి ఫోటో దిగుతారు, వెళ్లిపోతారు. నెత్తి మీద విజయనగర కాలపు రంగుల బొమ్మలున్నాయి. కిరాతార్జునీయం, పార్వతీ కల్యాణం, వటపత్రశాయి అన్నీ అక్కడే ఉన్నాయి, తల ఎత్తేవాళ్లే తక్కువ. మా క్లాసులో ఇంట్లో కన్నడం మాట్లాడే అమ్మాయి ఒకతి ఉంది. క్లాసులో నోరు విప్పేది కాదు. ఆ రోజు స్తంభం దగ్గరున్న ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని "అజ్జీ, మేలె నోడి" అంది, పైకి చూడండి అని. ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని తల వెనక్కి వాల్చి చూసింది. చూస్తూ చూస్తూ పంది కోసం అర్జునుడూ శివుడూ కొట్లాడుకున్న కథ మనవడికి మొత్తం చెప్పేసింది. ఆ "పైకి చూడండి" అన్న మాటే మా బోర్డులో మొదటి వాక్యం అయ్యింది. ఆ అమ్మాయే కన్నడం బోర్డుకి లీడర్.

రంగు వేయడానికి ముందు చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి, వచ్చినవాళ్లతో చదివించాం. తుమకూరు నుంచి వచ్చిన ఒకాయన చదివి, "అన్ని స్తంభాల్లో వేలాడేది ఎక్కడుందమ్మా?" అని అడిగాడు. డెబ్బై స్తంభాల గుడిలో అది న్యాయమైన ప్రశ్న. వెంటనే చిన్న మ్యాపు కలిపాం. ఫోన్ అనువాదం మీకు ఆ ప్రశ్న వేయదు.

చరిత్ర వద్దని కాదు. పెనుకొండ నుంచి పాలించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారని రాశాం, కానీ కింద. పైన మంచినీళ్లు, మరుగుదొడ్లు, నంది ఎటు అన్నది ఉండాలి. నంది గుడి లోపల ఉండదు, కాస్త దూరంలో రోడ్డు పక్కన ఉంటుంది. 27 అడుగుల పొడవున్న ఏకశిల, దాన్ని కూడా వెతుక్కునేవాళ్లున్నారు! 2022లో ఈ గుడి, నంది యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. బయటివాళ్లు ఇంకా వస్తారు.

ఇంకో మాట. ఒకాయన ఖర్చంతా పెట్టుకుంటానని వచ్చి, బోర్డు మీద తన ఫోటో అడిగాడు. బాణం గుర్తు కన్నా ఫోటోనే పెద్దది. వద్దన్నాం. ఏ ఊళ్లో చూసినా దారి చూపాల్సిన చోట మొహాలే కనిపిస్తున్నాయి, నాకు ఒళ్లు మండిపోతుంది. ఫ్లెక్సీ అసలు వద్దు, మా రాయలసీమ ఎండకి నిలవదు. రేకు మీద ఎనామెల్ పెయింటు వేయించండి. పురావస్తు శాఖ కట్టడమైతే లోపల మేకు కూడా కొట్టకూడదు, ముందు అనుమతి అడగండి. మేం బయట కొబ్బరికాయల కొట్టు ఆయన్ని అడిగి ఆయన గోడకి పెట్టుకున్నాం. ఏటా కొత్త తొమ్మిదో తరగతి వాళ్లే మళ్లీ రంగు వేస్తారు. ఆ డబ్బాల ఖర్చు ఎవరిదో ఇప్పుడే హెడ్‌మాస్టరు గారితో తేల్చుకోండి.