బుస్సుమనే వాల్వ్ మీరు బిగించారు, ఆర్‌సీ మాత్రం నాన్నగారిది

ప్రశ్న: లాయర్ గారూ, మాది విశాఖ ఎంవీపీ కాలనీ. నాన్నగారి పేరున ఉన్న టర్బో పెట్రోల్ కారు నేను నడుపుతున్నాను. ఒక యాక్సెసరీస్ షాపులో కంపెనీ డైవర్టర్ వాల్వ్ తీయించి, బ్లో-ఆఫ్ వాల్వ్ పెట్టించాను. ‘ఆర్టీఓ అప్రూవ్డ్’ అని షాపువాళ్లు చెప్పారు. మొన్న రుషికొండ దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఆపి, సౌండ్ ఎక్కువగా ఉందని ఫొటో తీసుకున్నారు. బండి సీజ్ చేస్తామని కూడా అన్నారు. ఇప్పుడు చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతోంది. వారంటీ మొత్తం పోయినట్టేనని సర్వీస్ సెంటర్ అంటోంది. ఇది నిజంగా నేరమా? ఇన్సూరెన్స్ కూడా పోతుందా? నాన్నగారికి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు నాన్నగారికి చెప్పండి. ఎందుకంటే ఈ వ్యవహారంలో మీకన్నా ఆయనకే నోటీసు వచ్చే అవకాశం ఎక్కువ. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన సెక్షన్ 182ఎ(4) శిక్ష చెప్పేది ‘యజమాని’ గురించి. చట్టం అనుమతించని రీతిలో యజమాని బండిని మారిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. విడిభాగాలు బయట కొని బిగించడం కూడా ఇందులోకే వస్తుందని ఆ సెక్షన్‌లోనే ఉంది. యజమాని అంటే ఆర్‌సీలో పేరున్న మనిషి. తనకు తెలియకుండా కొడుకు చేశాడని ఆయన వాదించుకోవచ్చు, అందులో బలం కూడా ఉంది. కానీ ఆ మాట చెప్పుకోవడానికి ఆయన కోర్టుదాకా రావలసి వస్తుంది.

ఇక ఇది నేరమా అంటే, ఆ వాల్వ్ ఏం చేస్తుందో చూడాలి. మీరు యాక్సిలరేటర్ వదిలినప్పుడు థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం, మూసుకుంటుంది. ఇంజిన్‌లోకి టర్బో నొక్కి పంపిన గాలికి దారి ఉండక, ఆ టర్బోలో గాలిని నొక్కే భాగమైన కంప్రెసర్ మీదికే ఎదురు తిరుగుతుంది. కంపెనీ డైవర్టర్ వాల్వ్ ఆ గాలిని మళ్లీ టర్బో ముందున్న పైపులోకి పంపుతుంది. బ్లో-ఆఫ్ వాల్వ్ దాన్ని బయటికి వదిలేస్తుంది. కుర్రాళ్లు ముచ్చటపడే ఆ ‘బుస్’ శబ్దం అదే.

గమనించండి, బయటికి పోయేది ఇంకా ఇంజిన్‌లోకి వెళ్లని గాలి, పొగ కాదు. అందుకని సైలెన్సర్‌ను తప్పించి పొగ వదిలేవాళ్లకు వర్తించే సెక్షన్ 194ఎఫ్ మీకు తగలదు. చలాన్‌లో ఆ సెక్షన్ రాసి ఉంటే అభ్యంతరం చెప్పండి. అలాగని బయటపడ్డట్టు కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వది కర్కశంగా, కీచుగా, ఉలిక్కిపడేలా మోగే శబ్ద సాధనాలేవీ బండికి బిగించకూడదంటుంది. ఇది హారన్ల గురించిన నిబంధనే కాబట్టి వాల్వ్‌కు వర్తించదని నేను మీ తరఫున వాదిస్తాను, ప్రభుత్వ న్యాయవాది వర్తిస్తుందంటారు. అసలు భయపడాల్సింది సెక్షన్ 190(2)కి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరిన బండిని రోడ్డు మీద నడిపితే మొదటిసారికే మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ఇది ముందుగా పడేది నడిపినవాళ్ల మీద, అంటే మీ మీద; నడపనిచ్చినవాళ్ల మీద కూడా పడొచ్చు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అనకండి. గాలిని సెన్సర్‌తో కొలిచి దానికి తగ్గ పెట్రోల్ చిమ్మే ఇంజిన్ అయితే, మీ వాల్వ్ బయటికి వదిలిన గాలి అప్పటికే లెక్కలోకి ఎక్కేసి ఉంటుంది. లేని గాలికి కూడా పెట్రోల్ పడుతుంది. ఆ క్షణంలో పెట్రోల్ సరిగా కాలక పొగ ఎక్కువవుతుంది, కొన్నిసార్లు ఇంజిన్ ఆగిపోతుంది కూడా. మీ చెక్ ఇంజిన్ లైట్‌కు కారణం ఇదే కావచ్చు, స్కాన్ చేయిస్తే తెలుస్తుంది. పొల్యూషన్ సెంటర్‌లో బండిని నిలబెట్టి కొలుస్తారు. అక్కడ ఈ తేడా పట్టుబడకపోవచ్చు.

సెక్షన్ 52 సంగతి కొంచెం చిక్కు. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. ‘మార్పు’ అంటే బండి మౌలిక స్వరూపం మారేలా నిర్మాణంలో చేసే మార్పు అని వివరణ కూడా ఉంది. వాల్వ్ ఆర్‌సీలో ఎక్కడా ఉండదు కాబట్టి ఇది మార్పే కాదన్న వాదన ఉంది. అయితే 2019 జనవరిలో కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడాన్ని గట్టిగా కాదంది. ఆ తీర్పు వచ్చాక, ఈ వాదనను నమ్ముకుని ఆ వాల్వ్‌తోనే తిరగమని మాత్రం నేను చెప్పను.

సీజ్ చేస్తామన్నది బెదిరింపు కిందే లెక్క. బండిని ఆపి ఉంచే అధికారం సెక్షన్ 207లో ఉంది. రిజిస్ట్రేషన్ లేకపోవడం, లైసెన్సు లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లాంటివాటికే అది. వాల్వ్ మార్చడం ఆ జాబితాలో లేదు. కానీ మాధవధార ఆర్టీఓ ఆఫీసుకు రిపోర్టు వెళితే, యజమానిగా నాన్నగారి వాదన విన్న తర్వాత సెక్షన్ 53 కింద రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేయొచ్చు. పోలీసులతో రోడ్డు మీద వాదన పెట్టుకోకండి. చలాన్ ఏ సెక్షన్ కింద రాశారో అడగండి, అంతవరకు చాలు.

వారంటీ ‘మొత్తం’ పోయిందన్న మాటను ఒప్పుకోవద్దు. టర్బో, ఇన్‌టేక్ పైపులు, వాటి సెన్సర్ల మీద క్లెయిమ్ నిరాకరిస్తే వాళ్లకు కారణముంది. పవర్ విండో పనిచేయకపోతే దానికీ ఈ వాల్వ్‌కూ ఏం సంబంధం? నిరాకరణను కారణంతో సహా రాతపూర్వకంగా అడగండి. ఒక్క హెచ్చరిక. టర్బో చెడిపోయిందని తేలాక పాత వాల్వ్ బిగించి, ఏమీ ఎరగనట్టు క్లెయిమ్ వేయొద్దు. ఇంజిన్ కంప్యూటర్‌లో ఎర్రర్ కోడ్‌లు మిగిలి ఉంటాయి. పట్టుబడితే వారంటీ వివాదం కాస్తా మోసం ఆరోపణ అవుతుంది.

ఇన్సూరెన్స్‌లో రెండు భాగాలు వేరు. యాక్సిడెంట్‌లో ఎదుటివాళ్లకు ఇవ్వాల్సిన పరిహారం నుంచి కంపెనీ తప్పించుకునే కారణాలను సెక్షన్ 150 పరిమితం చేసింది. విడిభాగం మార్చడం వాటిలో లేదు. పాలసీ తీసుకునేటప్పుడు ముఖ్యమైన సంగతి దాచడం మాత్రం ఉంది. కాబట్టి రెన్యూవల్ ఫారంలో మార్పుల గురించి అడిగితే ‘లేవు’ అని రాయడం ప్రమాదం. మీ సొంత కారు నష్టం సంగతి వేరు. చెప్పని మార్పు చూపి క్లెయిమ్ ఆపే ప్రయత్నం చేస్తారు. అప్పుడు ఆ వాల్వ్‌కూ ప్రమాదానికీ సంబంధం లేదన్నదే మీ ప్రధాన వాదన. కంపెనీ వినకపోతే బీమా ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించొచ్చు; హైదరాబాద్‌లోని ఆ కార్యాలయం పరిధిలోకే మన రాష్ట్రమూ వస్తుంది.

నా సలహా: పాత వాల్వ్ ఉంటే ఈ వారమే మళ్లీ బిగించండి, పని చేసిన గ్యారేజీ బిల్లు తీసుకోండి. చలాన్ మీద విచారణ వస్తే, తప్పు దిద్దుకున్నారని చూపడానికి అది పనికొస్తుంది.

షాపువాళ్లు చెప్పిన ‘ఆర్టీఓ అప్రూవ్డ్’ అన్న మాట శుద్ధ అబద్ధం. ఆర్టీఓ ఆఫీసు వాల్వ్‌లకు ఆమోదముద్ర వేయదు. అబద్ధపు హామీతో అమ్మినందుకు డబ్బు వాపసు, జరిగిన నష్టానికి పరిహారం కోరుతూ రెండేళ్లలోపు విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. బిల్లు లేకపోతే యూపీఐ చెల్లింపు రికార్డు, ఆ మాట రాసిన వాట్సాప్ మెసేజ్‌లు జాగ్రత్తగా ఉంచుకోండి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే, ఈ లోపు మార్చకండి.