ముప్పై మంది లెక్క

ప్రశ్న: అక్కా, నేను ఫిజియోథెరపీ చదివాను. నల్లగొండ రామగిరిలో ఒక మేడ మీద హాలు కిరాయికి తీసుకొని పిలాటిస్ (ఊపిరి, నడుము మీద ధ్యాస పెట్టి నెమ్మదిగా చేసే వ్యాయామం) క్లాసులు మొదలుపెడుతున్నాను. ఎనిమిది మ్యాట్లు పడతాయి. సెకండ్ హ్యాండ్‌లో ఒక రిఫార్మర్ (పిలాటిస్ చేసే బల్ల) కూడా కొన్నాను. హాలు కిరాయి 12,000. నెలకు 800 తీసుకొని ఎన్ని రోజులైనా రమ్మనాలని, ఏడాది మెంబర్‌షిప్ 6,000కు ఇవ్వాలని అనుకుంటున్నాను. హైదరాబాద్ రేట్లు ఇక్కడ నడవవని మావారు అంటున్నారు. మా అత్తయ్య స్నేహితులు ఐదుగురైతే ‘మాకు ఫ్రీయే కదా’ అని ఇప్పటికే అడిగేశారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, నల్లగొండ

జవాబు: చెల్లే, 6,000 అన్న అంకె చూడగానే మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో నేను నడిపిన ఏరోబిక్స్ హాలు గుర్తొచ్చింది. సరిగ్గా అదే రేటు. దసరాకు మొదలుపెట్టి, వారంలో 22 మందికి ఏడాది మెంబర్‌షిప్ రాశాను. మొత్తం 1,32,000. లాంగ్ నోటుబుక్కులో మొదటి పేజీకి పసుపు కుంకుమ పెట్టి మరీ రాసుకున్న పేర్లు. ఆ పైసలతో నిలువెత్తు అద్దాలు, ఏసీ, స్పీకర్లు కొన్నాను. సంక్రాంతి దాటేసరికి కొత్తగా చేరేవాళ్లు లేరు. పాత 22 మంది మాత్రం రోజూ వచ్చి ‘మేడమ్, ఏసీ జర పెంచుండ్రి’ అంటున్నారు. ఉగాది నెల కిరాయికి గాజులు బ్యాంకులో పెట్టాను. తప్పు వాళ్లది కాదు. పన్నెండు నెలల పైసలు ఒక్క నెలలో ఖర్చు పెట్టింది నేను. నువ్వు ఈ ఏడాది మూడు నెలలకు మించి ఎవరి దగ్గరా తీసుకోకు. అది కూడా మూడు కవర్లలో వేసి నెలకొకటే విప్పు.

ఇక 800 సంగతి. కిరాయి 12,000, కరెంటు, నీళ్లు, ఊడ్చే ఆమె జీతం, మ్యాట్ల అరుగుదల కలిపి ఇంకో 8,000 అనుకుందాం. నీ జీతం 25,000 రాసుకో. రాయకుండా వదిలేసేది అందరం అదే! మొత్తం 45,000. రోజుకు నాలుగు క్లాసుల చొప్పున 25 రోజులకు 100 క్లాసులు, అంటే 800 మ్యాట్లు. 45,000ను 800తో భాగిస్తే మ్యాటుకు 56 రూపాయలే కదా అని మురిసిపోకు. పొద్దున ఆరు గంటల క్లాసు నిండుతుంది, పదకొండు గంటలది నిండదు. సగం నిండుతుందనే లెక్క వెయ్యి. అప్పుడు మ్యాటుకు 112 పడుతుంది. నీ 800కు నెలలో 25 రోజులూ వచ్చే మనిషి ఒక్కో క్లాసుకు ఇచ్చేది 32.

అందుకే నెల లెక్క మాని క్లాసుల లెక్క పెట్టు. పన్నెండు క్లాసులకు 1,500. ఎనిమిదింటికి 1,100. విడిగా ఒక క్లాసుకు 200. పన్నెండు క్లాసులవాళ్లు ముప్పై మంది ఉంటే 45,000 వచ్చేస్తుంది, ముప్పై ఒకటో మనిషి నుంచి మిగులు. మీవారు చెప్పింది నిజమే, హైదరాబాద్ రేటు ఇక్కడ నడవదు. అయితే మీ కిరాయి కూడా హైదరాబాద్ కిరాయి కాదుగా. పన్నెండు క్లాసులు వాడుకోవడానికి 45 రోజుల గడువివ్వు. పెళ్లిళ్లు, బతుకమ్మ తొమ్మిది రోజులు, పిల్లల పరీక్షలు... మన ఆడవాళ్లకు నెల ఎప్పుడూ ముప్పై రోజులుండదు. పొద్దున క్లాసుకు రానని రాత్రి తొమ్మిదిలోపు వాట్సాప్ పెట్టకపోతే మాత్రం క్లాసు పోయినట్టే. మొదటి నెలలో ఒకరిద్దరు అలుగుతారు.

మ్యాట్లు పదో పన్నెండో ఇరికిద్దామన్న ఆలోచన వస్తుంది, రానీయకు. పిలాటిస్ అన్నది జర్మనీలో పుట్టిన జోసెఫ్ పిలాటిస్ ఇంటిపేరు. ఆయన 1926లో న్యూయార్క్ చేరి అక్కడ స్టూడియో నడిపాడు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. నడుము నేలకు ఆనిందా, ఊపిరి బిగబట్టిందా అని ఒక్కొక్కరినీ చూడాల్సిన పని ఇది. ఎనిమిది మందిని దాటితే నీ కళ్లు చాలవు.

రిఫార్మర్ అంటే స్ప్రింగుల బలం మీద జారే బల్ల, ఒక్కరే చేయాలి. ఆ గంటలో మ్యాట్ క్లాసు పెడితే నలుగురొచ్చినా, తలకు 125 చొప్పున నీకు 500 వచ్చేది. కాబట్టి అంతకు తగ్గకూడదు. స్ప్రింగులు అరుగుతాయి, మార్చాలి, దానికో 200 కలిపి 700 పెట్టు. నడుం నొప్పి, ఆపరేషన్ అయినవాళ్లు వస్తే ముందు విడిగా పరీక్ష చేసి, దానికి వేరే ఫీజు తీసుకో. నీ చదువుకు విలువ అక్కడుంది.

జీఎస్టీ గురించి నువ్వు అడగలేదు కానీ, ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా నీలాంటి సేవలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అది లేకుండా రసీదులో జీఎస్టీ అని వసూలు చేయకూడదు కూడా.

అత్తయ్య స్నేహితులను ఖాళీగా ఉండే పదకొండు గంటల క్లాసుకు రమ్మను. పన్నెండు క్లాసులకు 900 తీసుకో. 112 పడే మ్యాటును 75కు ఇస్తే నష్టం కాదా అంటావేమో. ఆ గంట నువ్వక్కడ ఎలాగూ ఉంటావు, ఫ్యాను ఎలాగూ తిరుగుతుంది. ఊరికే పడుండే మ్యాటు మీద వచ్చిందంతా లాభమే. అదే రేటుకు పొద్దున ఆరింటికి వస్తామంటే మాత్రం ఒప్పుకోకు. ఇక మీ అత్తయ్య దగ్గర పైసా తీసుకోకు, ముందు వరుసలో మ్యాటు వెయ్యి. మిగతా ఐదుగురి దగ్గర ఆ 900 ఆమే వసూలు చేసి పెడుతుంది చూడు.