బాబు రాగానే బ్యాగు సంగతి కాదు, ఆకలి సంగతి చూడండి

ప్రశ్న: మాది హనుమకొండ. బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. ఏడాది క్రితం డాక్టర్ ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం. దానికి పొద్దున ఒక మిథైల్‌ఫెనిడేట్ మాత్ర వేస్తున్నాం. స్కూల్ నుంచి కంప్లయింట్లు తగ్గాయి. ఇంటికొచ్చాకే టెన్షన్. బ్యాగు విసిరేస్తాడు, హోంవర్క్ అంటే అరుస్తాడు, చెల్లిని కొడతాడు. మొన్న రిమోట్ విసిరితే టీవీ పగిలింది. లంచ్ బాక్స్ కూడా పెట్టింది పెట్టినట్టే తెస్తాడు. "రెండు తగిలిస్తే దారికొస్తడు, నువ్వే గారాబం చేసినవ్" అంటుంది అత్తమ్మ. మా వారు కూడా చిన్నప్పుడు ఇలాగే ఉండేవారట, దెబ్బలతోనే బాగుపడ్డానంటారు. నేనూ కొడుతున్నాను. రాత్రి పడుకునేటప్పుడు "నేను చెడ్డోణ్ణా అమ్మా" అని అడుగుతాడు.

జవాబు: అమ్మా, టీవీ పగిలిందన్న చోట కాదు, లంచ్ బాక్స్ దగ్గర ఆగిపోయాను. మిథైల్‌ఫెనిడేట్ పనిచేస్తున్నంత సేపూ చాలామంది పిల్లలకు ఆకలి వేయదు. నాలుగు గంటలు పనిచేసే రకం ఉంది, ఎనిమిది గంటలు దాటేదీ ఉంది. అంటే సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టేసరికి కడుపులో పొద్దుటి టిఫిన్ తప్ప ఏమీ లేదు, మందు ప్రభావమూ దిగిపోయింది. మందు దిగే వేళ కొందరు పిల్లలకు చిరాకు మామూలుకన్నా పెరుగుతుంది కూడా. సరిగ్గా అప్పుడే "అన్నం ఎందుకు తినలేదురా?" అని మొదలుపెడతాం. మీరు అలా అన్నారని రాయలేదు, కానీ మీ చోట నేనున్నా అదే అడుగుతాను.

పైగా పొద్దుటి నుంచి బెంచీ మీద కదలకుండా, నోరు జారకుండా ఆపుకున్నదంతా ఇంట్లోనే బయటపడుతుంది. స్కూల్లో బాగుండి ఇంట్లో అరుస్తున్నాడంటే అది నాటకం కాదు, ఓపిక అయిపోవడం.

ఒక రెండు వారాలు ఇలా చేసి చూడండి. బాబు రాగానే ఏ ప్రశ్నా వద్దు. బ్యాగు ఎక్కడ పడితే అక్కడే ఉండనివ్వండి. పెరుగన్నమో, దోశో, వాడికి ఇష్టమైనది పళ్లెంలో సిద్ధంగా పెట్టండి. తిన్నాక సైకిల్ ఇచ్చి కిందికి పంపండి. హోంవర్క్ ఆరు తర్వాతే, అదీ పదిహేను నిమిషాలకోసారి లేవనిస్తూ. మాత్ర ఎన్నింటికి వేశారు, ఏం తిన్నాడు, ఎన్నింటికి అరిచాడు అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసి డాక్టర్‌కు చూపించండి. వేళ మార్చాలా, రకం మార్చాలా అన్నది ఆయన చూసుకుంటారు. మీరుగా మానేయడం, పెంచడం వద్దు.

అయినా కొన్ని రోజులు అరుస్తాడు. ఆ సమయంలో చెప్పే బుద్ధులు వాడికి ఎక్కవు. చెల్లిని పక్క గదిలోకి పంపండి, చేతికందే వస్తువులు తీసేయండి, "నేనిక్కడే ఉన్నా" అని ఒక్కసారి అని ఊరుకోండి. విసిరినవి ఎత్తిపెట్టడం, చెల్లికి సారీ చెప్పడం చల్లారాకే, అరగంట పట్టినా సరే. అది మాత్రం వదలకండి. 2007లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదడు పైపొర ఎదుగుదల సగటున మూడేళ్లు వెనకబడి ఉందని తేలింది. నేనైతే తల్లులకు లెక్క సులువుగా చెబుతాను: చదువులో తొమ్మిదేళ్లవాడే, కోపం దగ్గర ఆరేళ్లవాడనుకోండి.

అత్తగారితో వాదన వేస్ట్, నోట్‌బుక్ చూపించండి. మీ వారితో మాత్రం తీరిగ్గా మాట్లాడాలి. ఏడీహెచ్‌డీ చాలావరకు వంశంలో వచ్చేదే. ఆయనకీ ఉందని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ ఒక మాట అడగండి: దెబ్బలతో ఆగింది కోపమా, పెద్దవాళ్ల ముందు అరవడమా? డాక్టర్ దగ్గరికి ఈసారి ఆయన్నీ తీసుకెళ్లండి. తల్లిదండ్రులకిచ్చే శిక్షణ కూడా ఈ వైద్యంలో భాగమే. మధ్యలో మీకే దిక్కుతోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. చెల్లికి దెబ్బలు గట్టిగా తగులుతున్నా, బాబు తనను తాను కొట్టుకుంటున్నా రెండు వారాలు ఆగకుండా డాక్టర్‌ను కలవండి.

ఇక రాత్రి వాడడిగేదానికి జవాబు. "కాదు నాన్నా. రిమోట్ విసరడం తప్పు, చెల్లిని కొట్టడం తప్పు. నువ్వు చెడ్డోడివి కాదు. నేను కొట్టిందీ తప్పే." చెల్లి కూడా వినేలా చెప్పండి.