బ్రహ్మగిరి బూడిదరంగు కుండల కాలం: రెండు పుస్తకాల్లో రెండు తేదీలు ఎందుకు?

తుంగభద్రా పరీవాహకంలోని నవీన శిలాయుగపు కుండలను ఒక పుస్తకం క్రీ.పూ. 1000 ప్రాంతానివని, మరొకటి క్రీ.పూ. 2500 నాటివని చెబుతున్నాయని మీరు అడిగారు. మొదటిది పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ లెక్క. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిని తవ్విన ఆయన, పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రోమన్ కుండలతో నిర్ణయించిన కాలాన్ని ఆధారంగా పట్టుకుని, మట్టి పొరల మందాన్నిబట్టి వెనక్కి లెక్కకట్టారు. బొగ్గు, గింజల్లాంటి వాటిలో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను కొలిచి వయసు చెప్పే రేడియోకార్బన్ పద్ధతి అప్పటికి చేతికి రాలేదు. తర్వాత 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన బూడిదదిబ్బ, అంటే పశువుల దొడ్డిలో పేడ పేరుకుని కాలగా మిగిలిన గుట్ట, ఆ లెక్కను తలకిందులు చేసింది. అక్కడ గిట్టల అచ్చులు కూడా కనిపించాయి. దొరికిన బొగ్గు క్రీ.పూ. మూడవ సహస్రాబ్దికి చెందినదని తేలింది.

పాత నివేదికల్లోని రేడియోకార్బన్ తేదీలు చెట్ల వలయాల లెక్కతో సరిచూసి సవరించనివైతే, ఈ కాలానికి సంబంధించినంతవరకు అసలు తేదీ సుమారు మూడు నాలుగు వందల ఏళ్లు ఇంకా వెనక్కి, అంటే పాత కాలానికి జరుగుతుంది. ముదురు చెట్టు బొగ్గు కుండకన్నా పాతదై ఉండవచ్చు కనుక, అదే పొరలోని మాడిన ఉలవ గింజ తేదీనే నేను ఎక్కువగా నమ్ముతాను. చేత్తో చేసి నునుపు పెట్టిన బూడిదరంగు కుండలు వెయ్యేళ్లకు పైగా వాడుకలో ఉన్నాయి. రంగును చూసి కాలం చెప్పకండి.