నాచు, ఆర్గాన్, ముక్కిన నెయ్యి వాసన

కర్నూలు

చిరంజీవి పాపకు మామ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు అనంతపురంలో చేరి నాచుతో హైడ్రోజన్ తీస్తుందంట. నీ పిచ్చి దానికీ పట్టింది" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ల కిందట నేను మధ్యలో వదిలేసిన పని అది. గర్వంగానూ ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

మామూలు సంగతులు మీ గైడు చెప్తారు. నాచు పెంచే ద్రవంలో నైట్రేటు వెయ్యకు. నత్రజని ఉప్పు దొరకదని తేలితేనే నాచు తన గొలుసులో పది పదిహేను కణాలకొకటి చొప్పున హెటెరోసిస్టులు, అంటే గాలిలోని నత్రజనిని పట్టే ప్రత్యేక కణాలు, కట్టుకుంటుంది. పొడిచిన రబ్బరు మూతనే మళ్లీ మళ్లీ పొడవకు, హైడ్రోజన్ సూది బెజ్జంలోంచి జారిపోతుంది. గ్యాసులు కొలిచే జీసీ మెషీన్లో హీలియం వద్దు, ఆర్గానో నైట్రోజనో పెట్టు.

గ్యాసుల సంగతి మాత్రం నిలబడి ఆలోచించు. ఆ కణాల్లోని నైట్రోజినేజ్ అనే ఎంజైము నత్రజనిని అమ్మోనియా చేసేటప్పుడు ఎంత పొదుపుగా చేసినా ఎనిమిది ఎలక్ట్రాన్లలో రెండు హైడ్రోజన్‌కు పోతాయి. నత్రజని తీసేసి ఆర్గాన్ నింపితే ఎనిమిదీ హైడ్రోజన్‌కే. అంతటితో పండగ అనుకోకు. పుట్టిన హైడ్రోజన్‌ను మళ్లీ మింగే ఎంజైము ఒకటి ఆ నాచులోనే ఉంది. పైగా 1977లో వైస్‌మన్, బెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు అనాబీనా సిలిండ్రికా అనే ఇలాంటి నాచును నత్రజని లేకుండా ఉంచితే 7 నుంచి 19 రోజుల దాకా హైడ్రోజన్ ఇచ్చింది గానీ, ఒకటి రెండు రోజుల్లోనే పైకెక్కి తర్వాత మెల్లగా దిగింది. తిండి లేకుండా ఎవరు మాత్రం ఎన్నాళ్లు పని చేస్తారు? మధ్యమధ్య కాస్త నత్రజని చూపించు. ఆర్గాన్‌లో కొంచెం కార్బన్ డయాక్సైడ్ కలుపు, లేకపోతే దానికి రోజూ ఏకాదశే.

ఇక నా సంగతి. వరి పొలాలకు నత్రజని పట్టిచ్చేది ఈ నాచేనని 1939లో పి.కె. దే అనే శాస్త్రవేత్త చూపించారు కదా, ఆ ధైర్యంతో కె.సి. కెనాల్ కింద ఒక మడిలోంచి నాస్టాక్ అనే నాచు తెచ్చి పెంచాను. ఆరు సీసాలు వెలుతురులో, ఆరు నల్ల కాగితం చుట్టి. ఎండాకాలం, కరెంటు కోతలు. ఒక రాత్రంతా కరెంటు లేదు. పొద్దున నల్ల కాగితం సీసా గ్యాసు ఎక్కిస్తే హైడ్రోజన్ ఎంతుందో గీసే రికార్డరు పెన్ను కాగితం అంచుకు కొట్టుకుంది. చీకట్లో ఈ నాచుకు అంత శక్తి ఎక్కడిదని ఒక్క క్షణం ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. ఇంటికి జాబు రాసేశాను. మీ అవ్వ వీధంతా బొరుగులు, చక్కెర పంచింది.

పక్క టేబులు దగ్గర ఒక జూనియర్ అమ్మాయి ఉండేది. సీసా మూత తీసినప్పుడు ముక్కు ముడుచుకుని, "అన్నా, ముక్కిన నెయ్యి వాసన వస్తోంది" అంది. "నీ పని నువ్వు చూసుకో" అని కసిరాను. ఆమె తలొంచుకుని పిపెట్లు కడుక్కుంది. ఎనిమిది నెలలు అదే ప్రయోగం చేసి ఒక సదస్సులో చదివితే, వెనక వరుసలోంచి ఒక పెద్దాయన మెల్లగా అడిగాడు: "ఇందులో బ్యాక్టీరియా లేదని ఎలా తెలుసు నాయనా?"

తిరిగొచ్చి ఒక చుక్క పోషక ద్రవంలో వేసి గాలి తగలకుండా ఉంచాను. మర్నాటికి ద్రవం మజ్జిగ తేటలా మబ్బుపట్టి బుడగలు పొంగింది. నాస్టాక్ జిగురు పొరలో బురద బ్యాక్టీరియా కాపురం ఉంది. గాలి లేని చీకట్లో అది చక్కెర తిని హైడ్రోజన్, బ్యూటిరిక్ ఆమ్లం వదిలింది. నెయ్యి ముక్కితే వచ్చేది ఆ ఆమ్లం వాసనే. ఎనిమిది నెలల ముందే ఆ అమ్మాయి ముక్కు చెప్పిన జవాబు! నేను సిగ్గుతో పని వదిలేసి లెక్చరర్ ఉద్యోగం చూసుకున్నాను. ఆమెకు ఇంతవరకూ సారీ చెప్పలేదు.

అందుకే ప్రతి బ్యాచ్‌నూ ముందు అలా పరీక్షించు. పక్కవాళ్లు ఏదన్నా అంటే చెవిన వేసుకో. మీ అమ్మకు రిజల్టు చెప్పేది మూడుసార్లు వచ్చాకే.

ఇంకొకటి, దీనికి మాత్రం కోప్పడతాను. రాత్రిపూట ఒక్కదానివే సిలిండర్ తిప్పకు. ఆర్గాన్‌కు వాసన లేదు, గాలికన్నా బరువు, మూసిన గదిలో ఊపిరి పోతోందని కూడా తెలియదు. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం దాకా అంటుకుంటుంది, ఆ మంట పగటిపూట కంటికి దాదాపు ఆనదు. కిటికీ తెరువు, సిలిండర్‌ను గొలుసుతో గోడకు కట్టు. ఏసీ పోతుందని ఎవరన్నా గొణిగితే గొణగనీ.

కవరులో ఒక ఫిల్టరు కాగితం పెట్టాను. నల్లగా అట్ట కట్టినట్టుంది, పారేయకు, అప్పటి నాస్టాకే. తడిపి వెలుతురులో పెట్టి చూడు. పచ్చబడిందంటే ముందు వాసన చూసి, తర్వాత నాకు ఫోన్ చెయ్యి.

మీ మామ