యూఏ పక్కన అంకె చూశారా?

ప్రశ్న: మాది హనుమకొండ. బాబుకు ఆరేళ్లు. దసరా సెలవుల్లో మా మరిది వాణ్ణి సెకండ్ షోకి తీసుకెళ్లాడు. సినిమా అంతా నరుక్కోవడమే. అప్పటి నుంచి రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు, రెండుసార్లు పక్క తడిపాడు. మరిదిని అడిగితే "యూఏనే కదా వదినా, సెన్సార్ వాళ్లే ఒప్పుకున్నారు" అంటాడు. మావారేమో "మగపిల్లాడికి ఇంత పిరికితనమా" అంటారు. నాదే చాదస్తమా?

జవాబు: చాదస్తం కాదమ్మా. మీ మరిది చెప్పింది సగమే నిజం. ‘ఏ’ సినిమాకైతే 18 ఏళ్లు నిండని వాళ్లను గేటు దగ్గరే ఆపాలి. యూఏకి ఆ అడ్డు లేదు. చూపించాలా వద్దా అన్నది పెద్దవాళ్లకే వదిలేశారు. 2024 నిబంధనలతో యూఏని 7+, 13+, 16+ అని మూడు చేశారు. మీ వాడికి ఇంకా ఏడే నిండలేదు!

ఆరేళ్ల పిల్లలకు తెర మీద చచ్చిపోయినవాడు నిజంగా చచ్చిపోలేదని నోటితో చెబితే ఎక్కదు. ఆ రక్తం రంగునీళ్లని, కత్తి అట్టదని వాడితోనే ఇంట్లో చేయించి చూపండి. ఈ పని బాబాయికే అప్పగించండి, తీసుకెళ్లింది ఆయనే కదా. ముద్దు కొద్దీ తీసుకెళ్లాడు, అత్తమ్మ ముందు పెట్టి నిలదీయకండి. "ఇకనుంచి ముందు నువ్వు చూసి, బాగుంటేనే వాణ్ణి తీసుకెళ్లు, అదీ పగటి ఆటకు" అంటే చాలు.

నాకు సినిమా కంటే మీవారి మాటే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. పిరికివాడన్న పేరు పడితే పిల్లాడు భయాన్ని మానడు, చెప్పడం మానేస్తాడు. ఆరేళ్లప్పుడు తనెందుకు భయపడేవారో ఒక రాత్రి వాడికి కథలా చెప్పమనండి. నేనైతే మా ఊరి చింతచెట్టు కింద నుంచి పదేళ్లు వచ్చేదాకా నడవలేదు.

కొన్నాళ్లు పక్కన పడుకోండి, చిన్న లైటు ఉంచండి. పక్క తడిపితే నలుగురిలో అనకండి. నెల దాటినా తగ్గకపోయినా, బడికి పోనని మొండికేసినా పిల్లల డాక్టర్‌కు చూపించండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులూ ఉంటారు.

ఇంట్లో టీవీ సంగతి కూడా చూసుకోండి. ఓటీటీల్లోనూ ఇవే అంకెలు ఉంటాయి, 13+ నుంచి పైవాటికి లాక్ పెట్టుకునే వీలు ఇవ్వాలని నిబంధన. పిన్ మాత్రం వాడి పుట్టినరోజు పెట్టకండి.